మైక్రోబయాలజిస్టుకి మేం చేసిన మర్యాదలు

2023వ సంవత్సరం. అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్ళే దారికి కాస్త లోపలగా, పంట కాలువ పక్కన ఉన్న కొబ్బరి పొడి ఫ్యాక్టరీలో నేను పర్సనెల్ మేనేజరుని. తర్వాత ఎవరో వచ్చి నా గది తలుపు మీద బోర్డు మార్చి హెచ్‌ఆర్ మేనేజర్ అని పెట్టారు. బోర్డు ఏదైనా పని ఒకటే. మనుషుల్ని తీసుకురావాలి, వచ్చినవాళ్ళని నిలబెట్టాలి. తీసుకురావడం పెద్ద విద్యేం కాదు. నిలబెట్టడానికే నా జుట్టంతా నెరిసింది.

బిస్కెట్ల మీద, మిఠాయిల మీద తెల్లగా చల్లుతారే, ఆ కొబ్బరి పొడి మేం చేస్తాం. కాయ కొట్టి, చిప్ప విడదీసి, కొబ్బరి మీదుండే గోధుమ రంగు పొట్టుని కత్తితో చెక్కి, కడిగి, ఆవిరి పట్టి, తురిమి, డ్రయ్యర్లో ఆరబెడతాం. పొట్టు చెక్కేది అందరూ ఆడవాళ్ళే. చుట్టుపక్కల లంకల నుంచి, పేటల నుంచి ఆటోల్లో వస్తారు. వాళ్ళలో చాలామందిని పనిలో పెట్టింది నేనే. మా అమ్మ కూడా రాజోలు దగ్గర తోటల్లో కొబ్బరికాయలు మోసిన మనిషే. మోసి మోసి నన్ను చదివించింది. అందుకని ఆ చెక్కుడు షెడ్డు మీద నాకు పక్షపాతం ఉందంటే, ఉందనే చెబుతాను. దాచుకోను.

చెక్కేవాళ్ళకి మాకు కొదవ లేదు. కొదవంతా ల్యాబుకే. మైక్రోబయాలజిస్టు అంటే, పొడిలో కంటికి కనబడని క్రిములు ఉన్నాయో లేదో పరీక్షించి, సరుకు బయటికి వెళ్ళవచ్చని సంతకం పెట్టే మనిషి. ఆ సంతకం లేనిదే లారీ కదలదు. మా ప్రాంతపు పిల్లలు ఆ చదువు చదివి హైదరాబాదు, విశాఖపట్నం మందుల కంపెనీల్లో చేరిపోతారు. బయటి నుంచి వచ్చినవాళ్ళు నిలవరు. మా వృత్తిలో దీన్ని అట్రిషన్ అంటారు, అంటే చేరినవాళ్ళు చేరినట్టే జారిపోయే జబ్బు. అప్పటికి ముగ్గురు జారిపోయారు. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు, అమ్మకి ఒంట్లో బాగోలేదని. మా ఫ్యాక్టరీలో పిల్లలు చేరగానే వాళ్ళ అమ్మలకి జబ్బు చేయడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మా ఓనరు రాంబాబు గారు నన్ను పిలిచారు. మనిషి మంచివాడు. ఆయన మొహం అంత వాడిపోయి ఉండగా ఎప్పుడూ చూడలేదు.

"గ్రేసమ్మ గారూ, బిస్కెట్ల కంపెనీవాళ్ళు ఈసారి గట్టిగా చెప్పేసేరండి. ఆడిట్‌కి వచ్చేసరికి ల్యాబులో మనిషి ఉండాలంట. ఉండడమే కాదు, సరుకు ఆపే అధికారం ఆ మనిషికి ఉండాలంట."

"తీసుకొద్దామండీ. ఎన్నిసార్లు తీసుకురాలేదు?"

"తీసుకొస్తే సరా అండీ, నిలవొద్దూ? మా పార్ట్‌నర్లు ఏవంటున్నారో తెలుసా? చదువుకున్న పిల్లలు ఆ లంకల్లో ఉండరు, మొత్తం ఫ్యాక్టరీని హైదరాబాదు పక్కకి ఎత్తుకెళ్ళిపోదాం, కాయ మాత్రం లారీల్లో తెప్పించుకుందాం అంటున్నారండి."

ఆడిట్ అంటే, కొనేవాళ్ళు మనిషిని పంపించి మన ఇల్లంతా గాలించి చూసుకోవడం. దానికి ఎక్కువ రోజులు లేవు. ఫ్యాక్టరీ ఎత్తుకెళ్ళిపోతే డ్రయ్యరు వెళ్తుంది, బాయిలరు వెళ్తుంది, చెక్కుడు షెడ్డులో ఆడవాళ్ళు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేరు. వాళ్ళు మళ్ళీ తోటల్లో కాయలు ఏరుకోవాలి. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఫోన్ల మీద ఫోన్లు చేసి పట్టుకొచ్చిన పిల్ల నవ్య. కరీంనగర్ అమ్మాయి, ఎమ్మెస్సీ చదివింది. సన్నగా ఉంటుంది, మాట మాత్రం ఖణేల్‌మంటుంది. రాజమండ్రి స్టేషనుకి రాంబాబు గారు సొంత కారు పంపించారు. తన ఇంటి మేడ మీద గది ఇచ్చారు. పైసా అద్దె లేదు.

ఇక మొదలయ్యాయి మర్యాదలు. మా గోదారోళ్ళు మర్యాదతో చంపేస్తారని బయటివాళ్ళు నవ్వుతాలకి అంటారు. అక్షరాలా అదే జరిగింది. రాంబాబు గారి భార్య సీతారత్నం గారు రోజూ మధ్యాహ్నం క్యారేజీ పంపేవారు. పనసపొట్టు కూర, చేపల పులుసు, గారెలు, పైన కొబ్బరి లౌజు. తినకపోతే సాయంత్రం ఇంటికెళ్ళగానే "వంట నచ్చలేదామ్మా?" అని అడిగేవారు. ఆదివారం వస్తే అకౌంటెంటు ఇంట్లో భోజనం, ఆ పై ఆదివారం బాయిలరు మేస్త్రి ఇంట్లో. పిల్ల సబ్బు కొనుక్కోవడానికి కొట్టుకెళ్తే, కొట్టాయన డబ్బులు పుచ్చుకోకపోగా రాంబాబు గారికి ఫోన్ చేసి, "మీ అమ్మాయిగారు నడిచొచ్చేరండి, కారు లేదేవండీ?" అన్నాడట. ఒకసారి అంతర్వేది బీచి చూద్దామని ఒక్కత్తీ బస్సెక్కితే, వెనకాల కారు వెళ్ళింది. సముద్రం దగ్గర ఆమె పక్కనే డ్రైవరు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు!

ఫ్యాక్టరీలోనూ అదే తంతు. ల్యాబులో పెట్టె ఎత్తబోతే ఇద్దరు పరిగెత్తుకొచ్చేవారు. చెక్కుడు షెడ్డులో అడుగు పెడితే ఆడవాళ్ళందరూ కత్తులు కింద పెట్టి లేచి నిలబడేవారు. షెడ్డుకి పెద్ద మంగమ్మ. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆమే ముందు లేచి, "రండి అమ్మాయిగారూ, కుర్చీ వెయ్యండే!" అని అరిచేది.

ఇంతలో సరుకు తేడా చేసింది. పొడిలో ఉండకూడని క్రిములు ఒక లాటులో, అంటే ఒక విడతలో తయారైన సరుకులో, కనబడ్డాయి, తర్వాత లాటు బాగానే ఉంది, ఆ తర్వాతది మళ్ళీ తేడా. నవ్య షెడ్డుకెళ్ళి స్వాబ్‌లు తీసేది. స్వాబ్ అంటే దూది చుట్టిన పుల్లతో చేతుల మీద, బల్లల మీద తుడిచి, అందులో ఏం పెరుగుతుందో చూసే పరీక్ష. చేతులన్నీ శుభ్రం. బల్లలన్నీ శుభ్రం. మరి క్రిములు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? పిల్ల తల పట్టుకుంది. రాంబాబు గారి దగ్గరికెళ్ళి లాటు ఆపమంటే ఆయన వెంటనే ఆపేవారు. ఆపి, "మీకెందుకమ్మా ఈ శ్రమంతా? నేను చూసుకుంటాను కదా. ముందు కూర్చుని టీ తాగండి" అనేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

ఆడిట్‌కి మూడు వారాల పైచిలుకు ఉందనగా నవ్య నా గదిలోకి వచ్చి రాజీనామా ఇచ్చింది.

"ఏమైందమ్మా?"

"అమ్మకు పాణం బాగ లేదు మేడమ్."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అలాగా! మీ అమ్మగారు నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి అరగంట మాట్లాడేరు. పొలంలో పత్తి ఏరించి వచ్చేరంట. నిక్షేపంగా ఉన్నారు. ఇంకో కారణం చెప్పు, ఈసారి నిజం చెప్పు."

పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మీరంతా మంచోళ్ళే మేడమ్. గదే నా బాధ. నన్నిక్కడ చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నరు. చుట్టం ఎన్ని రోజులుంటది చెప్పున్రి? నేను పని చెయ్యనీకి వచ్చిన. సరుకు బాగ లేదంటే సార్ నాతోని కొట్లాడాలె గదా? టీ తాగమంటరు. గా షెడ్డుల ఒక్కరన్న నాకు ఎదురు మాట్లాడరు. నేను ఉన్నా, లేకున్నా ఒకటే అనిపిస్తున్నది. హైదరాబాద్‌ల ఒక కంపెనీ ఆఫరిచ్చింది. చిన్న పోస్టే. కనీసం ఆడ నన్ను తిడ్తరు."

ఇన్నేళ్ళలో ఎన్నో ఎగ్జిట్ ఇంటర్వ్యూలు చేశాను. వెళ్ళిపోయే మనిషిని కూర్చోబెట్టి ఎందుకు వెళ్తున్నావని అడగడమే ఎగ్జిట్ ఇంటర్వ్యూ. జీతం చాలదన్నవాళ్ళున్నారు, నీళ్ళు పడలేదన్నవాళ్ళున్నారు. తిట్టేవాళ్ళు లేక వెళ్ళిపోతున్నానన్న మనిషిని చూడటం అదే మొదలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ జారిపోయిన ముగ్గురి జబ్బు ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

"నోటీస్ పీరియడ్ నెల రోజులుంది," అన్నాను. రాజీనామా ఇచ్చాక కూడా పని చెయ్యాల్సిన గడువది. "ఈ నెల నాకివ్వు. వెళ్ళేటప్పుడు నేను ఆపను. సరేనా?"

"సరే మేడమ్," అంది ముక్కు తుడుచుకుంటూ.

ముందు రాంబాబు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సంగతి విని నిట్టూర్చారు. "పోనీలెండి, పాపం. వెళ్ళిపోయే పిల్లకి పనేం చెప్తాం? ఈ నెల్రోజులూ హాయిగా కూర్చోబెట్టి, బట్టలు పెట్టి పంపిద్దాం."

"హాయిగా కూర్చోబెట్టే కదండీ ముగ్గుర్ని పంపించేసేం!" అని గట్టిగానే అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "ఆ పిల్ల ఇకపై ఏదన్నా అంటే మీరు టీ ఇప్పించకండి. మీకు ఒప్పుదల లేకపోతే లేదనండి. కోపం వస్తే అరవండి."

"ఆడపిల్ల మీద అరుస్తామేంటండీ, బాగుంటుందా?"

"నా మీద అరవట్లేదా?"

"మీరు వేరండీ, మీరు మన ఫ్యాక్టరీ మనిషి."

"అదేనండీ నేను చెప్పేది కూడా!"

ఆయన తల గోక్కున్నారు. "ఆయ్, అలాగే కానివ్వండి," అన్నారు.

సీతారత్నం గారి దగ్గర మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. క్యారేజీ ఆపెయ్యమని, పిల్లని అమలాపురంలో ఇద్దరు బ్యాంకు అమ్మాయిలు ఉంటున్న వాటాలోకి మారుస్తున్నామని చెప్పేసరికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"అన్నం పెట్టడం కూడా తప్పంటావా గ్రేసమ్మా?"

"తప్పు కాదండీ. కానీ మీ చేతి అన్నం తిని, మీ మేడ మీద పడుకుని, ఆ పిల్ల పొద్దున్నే ఫ్యాక్టరీకొచ్చి, మీ సరుకు పాడైపోయిందండీ అని మీ ఆయనతో ఎలా కొట్లాడగలదండీ? మీరే చెప్పండి."

ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "మరి గుత్తొంకాయ చేసేసేను, ఏం చెయ్యను?" అన్నారు. నాకు పెట్టమన్నాను. దివ్యంగా ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడు నవ్యని వెంటబెట్టుకుని చెక్కుడు షెడ్డుకి వెళ్ళాను. యథాప్రకారం అందరూ లేచారు. "కూర్చోండి!" అని ఒక్క కేక వేశాను. "ఇవాళ్టి నుంచి ఈ పిల్ల వస్తే లేచినవాళ్ళకి నాతో గొడవే. ఈమె మీతో కూర్చుని కొబ్బరి చెక్కుతుంది. రాకపోతే నేర్పండి. తప్పు చేస్తే తిట్టండి."

షెడ్డంతా గుసగుసలు. మంగమ్మ నోరు తెరుచుకుని నన్నే చూసింది. నవ్య మాత్రం నెత్తికి టోపీ పెట్టుకుని, ఏప్రాన్ కట్టుకుని, ఆమె పక్క స్టూలు మీద కూర్చుని కత్తి తీసుకుంది. పొట్టు పోవలసిన చోట సగం కొబ్బరి కూడా చెక్కేసింది. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. మంగమ్మ ఒక రోజు ఓర్చుకుంది, రెండో రోజు ఓర్చుకుంది, మూడో రోజు ఇక ఆగలేకపోయింది.

"ఒసేయ్ పిల్లా! కత్తి అలా పట్టుకుంటే వేలు తెగిపోద్దే! చదువుకున్నావు కదా, కళ్ళు లేవా నీకు?"

అన్నాక నాలిక్కరుచుకుంది. నవ్య గట్టిగా నవ్వింది. ఆ పిల్ల మా ఊరొచ్చాక అలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

నవ్వేసరికి మంగమ్మకి ధైర్యం వచ్చింది. తన బొడ్డులోంచి ఒక గుడ్డ పీలిక తీసి, "ఇటు తే వేలు," అని నవ్య బొటనవేలికి గట్టిగా చుట్టింది. "ఇది ఉంటే కత్తి దిగదు. కంపెనీవోళ్ళిచ్చిన రబ్బరు తొడుగులు నూనెకి జారిపోతాయమ్మా, వాటితో పని అవ్వదు."

నవ్య ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మంగమ్మా, ఇది ఎప్పటిది?"

"నిన్నటిదో, మొన్నటిదో. సాయంత్రం కిటికీకి ఆరేసుకుని, పొద్దున్నే తడిపి మళ్ళీ చుట్టుకుంటాం. అందరికీ ఉంటాయి కదా."

"అందరికా? మరి నేను స్వాబ్ తీసినప్పుడు ఒక్కరి వేలికి కూడ చూడలేదే!"

మంగమ్మకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "అదేంటమ్మా, నువ్వొస్తే చింకి గుడ్డలు కట్టుకుని కూర్చుంటామా? బాగోదు కదా! నువ్వొస్తున్నావని తెలియగానే గుడ్డలు తీసి బొడ్డులో దోపుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, బల్లలు తుడుచుకుని కూర్చునేవోళ్ళం."

అదీ సంగతి. పెద్దింటి చుట్టం వస్తోందని ఇల్లు సర్దుకున్నట్టు షెడ్డంతా సర్దుకుని, ఆ సర్దిన చేతుల్నే పరీక్షకి చాపేవారు. అందులో మోసం లేదు, పిసరంత కూడా లేదు. ఒట్టి మర్యాద. ఆ మర్యాద వల్లే పిల్ల పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి, సరుకు మాత్రం చెడిపోయింది. ఆవిరి పట్టేటప్పుడు క్రిములు చాలామటుకు చచ్చిపోతాయి, కానీ ముందే మోతాదు మించిపోతే కొన్ని మిగిలిపోతాయి. ఏ రోజు గుడ్డలు ఎంత మురిగి ఉంటే, ఆ రోజు లాటుకి అంత తేడా.

నవ్య ఆ పీలికలన్నీ పోగుచేసుకుని ల్యాబుకి పరిగెత్తింది. పరీక్షలో క్రిములు పెరగడానికి రోజులు పడతాయి. ఆ రోజులన్నీ మేం ప్రార్థనలో ఉన్నట్టే ఉన్నాం. ఫలితం చూపించడానికి గాజు పళ్ళెం పట్టుకుని నా గదిలోకి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి! పళ్ళెం నిండా మరకలు మరకలుగా క్రిములు పెరిగి ఉంటే, బంగారు గొలుసు దొరికినట్టు మురిసిపోతోంది.

"దొరికినయ్ మేడమ్! దొరికినయ్!"

గుడ్డలు మానెయ్యమనలేదు నవ్య. నేనైతే ఆ మాటే అనేదాన్ని, వేళ్ళు తెగేవి. ల్యాబులో ఆటోక్లేవ్ ఉంటుంది. అది పెద్ద ప్రెషర్ కుక్కరే, వేడి ఆవిరితో క్రిముల్ని చంపుతుంది. కొత్త గుడ్డ తెప్పించి, పీలికలు చింపించి, అందులో ఉడికించి, ఆరబెట్టి, పొద్దున్నే ఒకటి, టీ వేళకి ఒకటి, భోజనాలయ్యాక ఒకటి మనిషి మనిషికీ తనే పంచేది. వాడిన పీలిక తిరిగి ఇస్తేనే కొత్తది. ఆడవాళ్ళకి ఇది తెగ నచ్చింది. పొడి గుడ్డ వేలికి ఎంత సుఖమో వాళ్ళకే తెలుసు. ఎవరన్నా తడిసిన గుడ్డతో కనబడితే నవ్య కేకలేసేది. నవ్య టోపీలోంచి జుట్టు బయటికొస్తే వాళ్ళు కేకలేసేవారు. నా గదిలోకి వినబడేంత గోల. వింటూ కూర్చునేదాన్ని, ఏ పాటలూ అంత బాగుండవు.

సరుకు కుదుటపడింది. అయినా ఆడిట్‌కి ముందు వారం ఒక లాటు మీద నవ్యకి అనుమానం వచ్చి ఆపింది. రాంబాబు గారికి ఈసారి నిజంగానే ఒళ్ళు మండింది. లారీ గేటు దగ్గరే ఉంది మరి. "ఏంటమ్మా నీ పట్టుదల! వ్యాపారం చెయ్యమంటావా, మూసుకోమంటావా?" అని ఆఫీసు అదిరేలా అరిచారు. పిల్ల కూడా తగ్గలేదు. "మూసుకోవద్దనే సార్ ఆపిన! మళ్ళీ పరీక్ష చేసినంక పంపియ్యున్రి!" అని అంతకన్నా గట్టిగా అరిచింది. ఆయన విసురుగా బయటికొచ్చి, వరండాలో నన్ను చూసి సిగ్గుపడ్డారు. "అరిచేసేనండి," అన్నారు మెల్లగా. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. లాటు మాత్రం ఆగింది.

ఆడిట్‌కి వచ్చినాయన తెలుగాయనే, కానీ నవ్వని మనిషి. షెడ్డులో తిరిగి తిరిగి మంగమ్మ ఎదుట ఆగి, ఆ వేలికి గుడ్డ ఏమిటని అడిగారు. మంగమ్మ స్టూలు మీంచి లేవలేదు. కత్తి కూడా ఆపలేదు.

"ఉడకబెట్టిన గుడ్డండి. తడిస్తే మార్చెయ్యాలండి. మార్చకపోతే నవ్య తిడతాదండి."

"ఆమే ముందు నన్ను తిట్టింది సార్," అంది నవ్య వెనక నుంచి. ఆ నవ్వని మనిషి నవ్వారు. ఆడిట్ నెగ్గాం. హైదరాబాదు పక్కకి ఎత్తుకెళ్ళిపోదామన్న పార్ట్‌నర్లు ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కానీ నవ్య గడువు అయిపోవచ్చింది. ఆపనని మాట ఇచ్చినదాన్ని, నోరు కట్టుకుని ఉన్నాను. ఆఖరి రోజు సాయంత్రం సీతారత్నం గారు పట్టుచీర, పూతరేకులు, కాజాలు, ఒక బస్తా కొబ్బరికాయలు వేసుకుని కారులో దిగారు. బండారులంకలో నేసిన చీరనే ఏరి కోరి తెప్పించారట. చెక్కుడు షెడ్డువాళ్ళందరూ పని దిగి వచ్చి వరండాలో నిలబడ్డారు. మంగమ్మ ఎవరి వంకా చూడటం లేదు. రాంబాబు గారు దండ పట్టుకుని నించున్నారు. అందరం ఉన్నాం, నవ్య తప్ప.

ఎవరో వెళ్ళి వెతికితే, కొబ్బరి కడిగే తొట్టెల వెనక దొరికింది. మురుగు కాలువ మూత ఎత్తించి అందులోకి తొంగి చూస్తోందట. మోకాళ్ళ దాకా తడిసిపోయి, చేతిలో టార్చి లైటుతో వచ్చింది. నన్ను చూడగానే మొదలెట్టింది. "మేడమ్, ఆ కాల్వ వాలు తప్పు గట్టిన్రు. నీళ్ళు నిలుస్తున్నయ్. రేపు పొద్దుగాల మేస్త్రిని పిలిపియ్యున్రి, నేనే దగ్గరుండి..."

అప్పుడు చూసింది దండని, చీరని, పూతరేకుల బుట్టని, కళ్ళొత్తుకుంటున్న ఆడవాళ్ళని.

"ఎవరు పోతున్నరు మేడమ్?" అంది.

మంగమ్మకే ముందు నోరు పెగిలింది. "నువ్వే కదే పిల్లా!"

"నేనా! అయ్యో, మీకు చెప్పలేదా మేడమ్? గా హైదరాబాదోళ్ళకు పోయిన వారమే రానని చెప్పేసిన. ఈ గుడ్డల గొడవల పడి మీకు చెప్పుడు మర్చిపోయిన."

మంగమ్మ అందరి ఎదుటా ఆ పిల్లని చెడామడా తిట్టింది. ఆమె అంతసేపు తిట్టడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. తిడుతూనే ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

నవ్య ఇవాళ్టికీ మా ల్యాబులోనే ఉంది. ఆమె కింద ఇంకో ఇద్దరు పిల్లలు పని చేస్తున్నారు. ఒకడిది శ్రీకాకుళం, ఒకమ్మాయిది కొత్తపేటే. డ్రయ్యరు ఇక్కడే తిరుగుతోంది, ఆటోలు ఇక్కడికే వస్తున్నాయి. ఈ మధ్య వేరే కంపెనీలవాళ్ళు ఫోన్ చేసి, "కోనసీమలో చదువుకున్న పిల్లలు నిలవరు కదండీ, మీ దగ్గర ఎలా ఉంటున్నారు? జీతాలు పెంచేరా? క్వార్టర్స్ కట్టేరా?" అని అడుగుతుంటారు.

"లేదండీ, మర్యాదలు తగ్గించేం," అంటాను. వాళ్ళు నవ్వేస్తారు. నేను వేళాకోళమాడుతున్నానని వాళ్ళ నమ్మకం.